పచ్చల సంచితో పుదుచ్చేరికి

నెల్లూరు బజారులో నాకంటే డబ్బున్నవాళ్ళు ఉన్నారు, నాకంటే చదువుకున్నవాళ్ళూ ఉన్నారు. కానీ మూడు వందలు చెప్పిన సరుకును నూట ఇరవైకి దించి, అదేం సరుకో తెలియకుండా కొన్న మొనగాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఈ విషయంలో నాతో పోటీకి ఎవరైనా వస్తే వారి దుకాణం చిరునామా తెలుసుకోవాలని ఉంది.

అమ్మినవాడు గూడూరు అవతల అభ్రకం గనుల్లో మేస్త్రీ. అభ్రకం తవ్వేటప్పుడు పక్కన పారేసే ఆకుపచ్చ రాళ్ళను ఒక గోనెసంచిలో పోసుకొచ్చి "పచ్చలు" అన్నాడు. నేను రాళ్ళవైపు చూడలేదు. పుట్టి పెరిగింది అంగడి గుమ్మంలో కాబట్టి అతని ముఖమే చూశాను. రెండు వందల దగ్గర అతను లేచాడు. నేనూ లేచాను. నూట యాభై దగ్గర అతను కూర్చున్నాడు. అప్పుడిక గెలుపు నాదని తెలిసిపోయింది. నూట ఇరవై చేతిలో పెట్టి, ఆ గెలుపు సంతోషంలో ఇంటికొచ్చి భోజనం చేసి, ఆ తరవాత సంచి విప్పాను.

ఇందులో నా డబ్బు యాభై. మిగిలిన డెబ్బై మా మేనత్త కనకమ్మది. చిన్నప్పుడే భర్త పోయిన మనిషి. అప్పడాలు, వడియాలు పెట్టి అమ్ముతూ కాశీకని కూడబెట్టుకుంది. "కాశీ ఒక్కటే ఏమిటి అత్తా, ప్రయాగ, గయ కూడా చూసి రావచ్చు" అని ఆ మూట నేనే విప్పించాను.

ఆ రాళ్ళను నెల్లూరులో చూపిస్తే నవ్వులపాలు. మద్రాసులో చూపిస్తే ఆ నవ్వు నాకంటే ముందు నెల్లూరు చేరుతుంది. పుదుచ్చేరిలో ఓడలు ఆగుతాయి, దొరలు దిగుతారు, చేతిలో డబ్బు ఉంటుంది, మనవాళ్ళు తక్కువ. అందుకని అక్కడికి బయలుదేరాను. అత్త కూడా బయలుదేరింది.

"నువ్వెందుకు అత్తా, ఎండలో?"

"నా డెబ్బై రూపాయలు యాడికి పోతా ఉండాయో నేను చూడొద్దా?" అంది.

ఎర్ర టోపీ

విల్లుపురంలో రైలు మారాక పొలాలు అవే, తాటిచెట్లు అవే, మనుషులూ అవే. రాజ్యం మాత్రం వేరు, ఫ్రెంచివాళ్ళది. స్టేషన్లో దిగగానే ఎర్ర టోపీ పెట్టుకున్న సిపాయి మా సంచి మీద కర్ర పెట్టి అరవంలో ఏదో అడిగాడు. పచ్చలని చెబితే సుంకం వేస్తారని నా భయం. అందుకే రాళ్ళ మీద రెండు శేర్లు మరమరాలు పోసి తెచ్చాను.

"మరమరాలు" అన్నాను.

అతని ముఖం విచ్చుకుంది. "తెలుగోళ్ళా? మా ఇంట్లో కూడా అదే మాట. యాడినించి వస్తా ఉండారు?" అంటూనే మోచేతి దాకా సంచిలో చెయ్యి పెట్టి ఒక రాయి పైకి తీశాడు. దాన్ని గోడకేసి టకటకా కొట్టాడు. "ఏందన్నా ఇది? మీ ఊర్లో మరమరాలు ఇంత గట్టిగా వేపుతారా?"

నేను వంగి, కింద పడిన మరమరాలు ఏరడం మొదలుపెట్టాను.

"రాళ్ళకి సుంకం లేదు, పొండి. మా ఊర్లో ఉండే రాళ్ళు చాలవని మోసుకొచ్చినారే, పాపం."

గేటు దాటాక అత్త అంది: "అబద్ధం ఆడేటప్పుడన్నా కాస్త మంచి సరుకు చూసుకోరా, సుబ్బా."

కాలువకు ఇవతల

ఊరి మధ్య ఒక కాలువ. అవతల సముద్రం వైపు తెల్లవాళ్ళ ఇళ్ళు, ఎత్తు గోడలు, మూసిన కిటికీలు. ఇవతల మన బజార్లు. మేము దిగింది ఇవతల, మాకు దూరపు చుట్టమైన వెంకటాచలం ఇంట్లో. వరసకు నాకు బావమరిది. దీపాల చిమ్నీలు, మేకులు, తాళాలు అమ్ముతాడు. వాళ్ళ ముత్తాత కాలంలో వచ్చి స్థిరపడ్డారట. మా నాన్న రాసిచ్చిన ఉత్తరం ఇస్తే తలకిందులుగా పట్టుకుని కాసేపు చూసి నాకే తిరిగి ఇచ్చాడు.

"ఈ అక్షరాలు మా తాతకి వచ్చేది బావా. మాకు నోట్లో మాత్రం ఉండాది. నువ్వే చదువు."

నా ఉత్తరం నేనే చదివి, మమ్మల్ని బాగా చూసుకోమని నేనే అతన్ని కోరాను. బాగానే చూసుకున్నారు. పులుసును కొళంబు అన్నారు, వేపుడును పొరియల్ అన్నారు. నోట్లో పెట్టుకుంటే చుట్టరికం తెలిసింది, కారం తప్ప. నెల్లూరు కారానికి అలవాటు పడ్డ నాలుకకు అదంతా పథ్యంలాగా ఉంది. అత్త పెరట్లో తన పొయ్యి తాను పెట్టుకుని వండుకుంది.

ఈ ఊళ్ళో నన్ను భయపెట్టింది మధ్యాహ్నం. భోజనం కాగానే బజారంతా తలుపులు మూసుకుంది. ఎవరింట్లో ఏం జరిగిందోనని కంగారుపడి అడిగాను.

"నిద్ర, బావా" అన్నాడు వెంకటాచలం, చాప పరుచుకుంటూ. "దొరలు అలవాటు చేసినారు."

"మరి గిరాకీ?"

"గిరాకీ కూడా నిద్రపోతా ఉంటాది కదా."

నేను చాప మీద కళ్ళు తెరుచుకుని పడుకున్నాను. మా నాన్న చూస్తే ఏడుస్తాడు. రెండో రోజు నాకూ నిద్ర పట్టింది, అది వేరే సంగతి.

సంచి చూసి వెంకటాచలం రాయి ఒకటి తిప్పి తిప్పి చూశాడు. "అమ్మేది తరవాత. ముందు ఇదేందో తెలుసుకో. నాగలింగం మాస్టర్ దగ్గరికి పోండి. ఫ్రెంచి బడిలో శాస్త్రం చెప్పి రిటైరు అయినాడు. ఇంటి నిండా రాళ్ళే. భార్య చీరలు పెట్టుకోను తావు లేదని పోట్లాడుతుంది."

తోపుడు బండి

మాస్టారి ఇల్లు ఊరి పడమట, మూలకుళం పోయే దారిలో. అక్కడికి తోపుడు బండి ఎక్కాం. మన జట్కా బండిలో గుర్రం ముందు ఉంటుంది. ఇందులో మనిషి వెనకుంటాడు. అతను తోస్తాడు, ముందు కూర్చున్నవాళ్ళు ఒక కర్ర పట్టుకుని చక్రం తిప్పుకోవాలి. బండివాడు మూడణాలు అడిగాడు. బండి కదిలాక నాకు అనుమానం వచ్చింది.

"సగం పని నేను చేస్తున్నాను కదా, మూడణాలు ఎందుకివ్వాలి?" అని వెనక్కి తిరిగి అడిగాను.

"అయితే మీరు తొయ్యండి సామీ, నేను తిప్పుతా" అన్నాడు.

దానికి సమాధానం ఆలోచిస్తూ ఉన్నాను, ఇంకా వెనక్కే తిరిగి ఉన్నాను. "ఒరే, ముందు చూడరా!" అని అత్త అరుపు. బండి పోయి పోయి ఎండుచేపల తట్టలో దిగబడింది. చేపలమ్మే ఆమె నా వంశాన్ని అరవంలో వరసగా తలుచుకుంది. అర్థం కాకపోవడం ఆ రోజు నాకు కలిగిన ఒకే ఒక లాభం. జన్మలో చేప ముట్టని అత్త తన తల మీద నుంచి ఒకటి తీసి పక్కన పెట్టి, "ఇక కర్ర నేను పట్టుకుంటా" అంది. తిరిగి ఇంటికొచ్చి స్నానం చేసి మళ్ళీ బయలుదేరాం. అత్త తిప్పితే బండి దారం పట్టినట్టు నేరుగా పోయింది.

ధర పలకని గది

నాగలింగం మాస్టారు సన్నగా, పొడుగ్గా, బనీను మీద నల్లకోటు వేసుకుని ఉన్నాడు. మా రాయి చేతిలోకి తీసుకుని ఒకసారి చూసి, బల్ల చివర పెట్టేశాడు. అదేమిటో ఆ క్షణమే ఆయనకు తెలిసిందని నాకు అర్థమైంది. బేరగాళ్ళకు అలాంటివి తెలుస్తాయి.

"ఏం రాయి సార్?"

"నేను చెప్పను. మీరే కనుక్కోవాల. మూడు ఉదయాలు రండి. ఇంకో షరతు. ఈ గదిలో ధర మాట ఎత్తినవాళ్ళు వాకిట్లోకి పోవాల. తరవాతి రాయి వచ్చేదాకా ఆడనే."

ఆయన మొదట మా ముందు పెట్టింది తళతళలాడే పసుపుపచ్చ రాయి. నలుచదరంగా కోసి మెరుగు పెట్టినట్టుంది.

"తులం ఎంత?" అనేశాను.

వాకిట్లో నిలబడి కిటికీ ఊచల్లోంచి చూశాను. మాస్టారు ఆ రాయిని మెరుగు లేని పింగాణీ పెంకు మీద గీయించాడు. అత్త గీసింది. పసుపు గీత పడాలి కదా, నల్లగా పడింది.

"రంగును నమ్మొద్దండి అవ్వా. రంగు వేషం. పొడి చేసినప్పుడు వచ్చే రంగు నిజం" అన్నాడు మాస్టారు.

ఇది మాకు తెలిసిన పనే. బంగారాన్ని గీటురాయి మీద గీసి చూడకుండా మా వీధిలో ఎవరూ కొనరు. కిటికీలోంచే అరిచాను: "బంగారం అయితే బంగారం గీతే పడుతుంది! ఇది ఇనుము సంబంధం!"

"ఇనుము, గంధకం" అన్నాడు మాస్టారు. సంతోషించి లోపలికి రానిచ్చాడు.

ఆ తరవాత గోరు, రాగి పైసా, చాకు, గాజుముక్క. ఈ నాలుగే ఆయన ఆయుధాలు. గోటితో గీత పడితే మెత్తని రాయి. గోటికి లొంగక పైసాకు లొంగితే దానికంటే గట్టిది. చాకుకు కూడా లొంగక తిరిగి గాజునే గీస్తే చాలా గట్టిది. సబ్బులా జారేదాన్ని ముట్టుకోగానే అత్త "బలపం" అంది. తెల్లని పలకల రాయి మీద నిమ్మరసం పిండితే బుసబుసా పొంగింది, సున్నపురాయి కులం. సీసం రాయి పిడికెడు పట్టుకోగానే నా చెయ్యి దిగిపోయింది. దాన్ని ఊరికే అరచేతిలో తూచి "ఇది పడికట్టు రాళ్ళకు బాగుంటుంది, మణుగు ఎంత..." అని మళ్ళీ వాకిట్లోకి పోయాను. ఆ ఇంటి వాకిలి గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఎడమ పక్క మందారం, కుడి పక్క నీళ్ళ తొట్టి.

చివరగా ఒక కట్టెముక్క ఇచ్చాడు. బెరడు, ఈనెలు, పురుగు తొలిచిన బెజ్జం, అన్నీ ఉన్నాయి.

"కట్టె" అన్నాం ఇద్దరం.

"గీయండి."

చాకు మొన జారిపోయింది. గాజు మీద అదే గీత పెట్టింది. తిరువక్కరై దగ్గర నేలలో ఇలాంటి దుంగలే పడి ఉన్నాయట. ఎన్నో యుగాల కిందట చెట్టు మట్టిలో పడితే, నీళ్ళలో కరిగిన రాతి పదార్థం పోగు పోగుకూ చేరి, కట్టె పోయి రాయి నిలిచిందట. కల్తీ అంటే మిరియాల్లో బొప్పాయి గింజలు కలపడమే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇంత ఓపికగా కలపడం మా బజారులో ఎవరి చేతా కాదు.

తిరిగి వస్తుంటే అత్త ఆ కట్టె గురించే అడుగుతూ ఉంది. కాశీ మాట ఎత్తలేదు. ఆమె కాశీ మాట ఎత్తకుండా ఒక పూట గడవడం నేనెప్పుడూ చూడలేదు.

ఎర్ర నేల

రెండో ఉదయం మాస్టారు బండి కట్టించి లాస్‌పేట మెరకకు తీసుకెళ్ళాడు. అక్కడ నేల ఎర్రగా ఉంది, తమలపాకు వేసుకున్న నోరులాగా. వానలు కోసిన గండ్లలో దిగి రాళ్ళు ఏరమన్నాడు. ఎర్ర రాయి పెంకు మీద గీస్తే ఎర్రమట్టి గీత. ఇనుము తుప్పుపట్టి నేలంతా పరుచుకుందన్నమాట. ఒక గండిలో తెల్లగా మెరిసేది కనబడితే "స్ఫటికం!" అని అరిచి దిగాను. ఎక్కడానికి ఇద్దరు మనుషులు, ఒక తాడు కావాల్సి వచ్చాయి. అది సోడాసీసా అడుగుముక్క.

దారిలో వెదురుబుట్టలో పొడుగాటి రొట్టెలు పెట్టుకుని ఒకడు పోతున్నాడు. అణా ఇచ్చి ఒకటి కొన్నాను. పైన పెంకు, లోపల దూది. పిండిలో కల్లు పోసి పులియబెడతారని బండివాడు చెప్పేసరికి సగం అయిపోయింది. మిగతా సగం ఎద్దుకు పెట్టానని అత్తతో చెప్పాను. ఎద్దుకు పెట్టిన మాట నిజమే, కానీ చిన్న ముక్క.

మా రాయి

మూడో ఉదయం బల్ల మీద మా రాయే ఉంది. అత్త ముక్కు మీద చెమట పట్టింది. గోరు, పైసా, చాకు దేనికీ అది లొంగలేదు. గాజును చటుక్కున గీసింది.

"సీసాముక్క కాదు" అన్నాను, ఊపిరి వదిలి.

మాస్టారు అసలైన స్ఫటికం ఒకటి ముందుకు జరిపాడు. "దీన్ని గీస్తాదా చూడండి."

అత్త రెండు చేతులతో పట్టుకుని గీసింది. స్ఫటికం మీద తెల్లని గీత. తుడిచి చూస్తే గీత పోలేదు.

"గట్టిది. ఆరు పలకలు. గీత తెలుపు. దీని పేరు బెరిల్" అన్నాడు మాస్టారు. "పచ్చ ఉండాది చూడండి, అది కూడా ఇదే పదార్థం."

అత్త నా వైపు చూసింది. ఆ చూపులో కాశీ, ప్రయాగ, గయ మూడూ ఉన్నాయి.

ఆయన రాయి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాడు. "వెలుతురు వస్తా ఉందా?"

రాలేదు. సంచిలోవన్నీ ఒకటొకటిగా ఎత్తి చూశాం. మబ్బు పట్టిన ఆకాశంలాగా ఉన్నాయి, లోపలంతా పగుళ్ళు.

"పచ్చ దీని తోబుట్టువు. పుట్టేటప్పుడు వేరే పదార్థం చిటికెడు చేరి, లోపల నిర్మలంగా ఉంటే అది పచ్చ. ఇవి తోడబుట్టినవే, కానీ అది కాదు."

ఎంత చేస్తాయో అడగాలనిపించి, అడగకుండానే లేచి వాకిట్లోకి నడిచాను. లోపల మాస్టారు అయిదు ఆకుపచ్చ ముక్కలు కలిపి అత్త ముందు పోయడం కిటికీలోంచి కనబడింది. ఆమె ఒక్కొక్కటి తిప్పి, గీసి, పలకలు లెక్కపెట్టి, ఒకటి తీసి బల్ల మీద టక్కున పెట్టింది. "బెరిల్!"

మాస్టారు చప్పట్లు కొట్టాడు. ఆమెకు చప్పట్లు కొట్టిన మనిషి ఆ వయసుకు ఆయనే మొదటివాడేమో. తరవాత నన్ను పిలిచి నాకూ పెట్టాడు. నేను సీసాముక్క తీశాను.

తుండుగుడ్డ కింద

ఆ సాయంత్రం ఓడరేవు దగ్గర గోవిందస్వామి అనే దళారి అంగడికి పోయాం. ఓడల్లో పోయే దొరలకు శంఖాలు, చాపలు, దంతపు బొమ్మలు అమ్ముతాడు. ఆ బజారు పద్ధతి వెంకటాచలం ముందే చెప్పాడు. ధర తుండుగుడ్డ కింద వేళ్ళతోనే సాగాలి, ఎవరికీ తెలియకూడదు. సరుకు పేరు మాత్రం నలుగురు సాక్షుల ముందు అమ్మేవాడు నోటితో చెప్పాలి. పేరు చెప్పేదాకా కొనేవాడు చెయ్యి వదలడు. మా నెల్లూరులో దీనికి తలకిందులు. ధర వీధి చివరికి వినబడుతుంది, మూటలో ఏముందో మాత్రం గుట్టు.

గోవిందస్వామి నా చెయ్యి పట్టుకుని గుడ్డ కప్పాడు. రెండు వేళ్ళు నొక్కాడు, వేలికి వంద లెక్క. నేను అతని అయిదూ పట్టుకున్నాను. అతను మూడు. నేను అయిదు. నాలుగు. నేను కదలలేదు. చివరికి అతని అయిదు వేళ్ళూ నా అరచేతిలోకి వచ్చాయి. అయిదు వందలు! అత్తకు సైగ చేశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సెరి. పేరు చెప్పండి" అన్నాడు గోవిందస్వామి. సాక్షులు ముందుకు వంగారు.

"పచ్చ జాతి రాయి."

"జాతి పెళ్ళి సంబంధానికి చూస్తారు అన్నా. నాకు పేరు కావాల. రేపు దొర తిరిగొస్తే నేను మిమ్మల్ని చూపించాల కదా. పచ్చనా, కాదా?"

గుడ్డ కింద అతని పట్టు బిగిసింది. కాశీకీ మాకూ మధ్య ఇక ఉన్నది ఒక్క మాట. పెదవులు కలిపాను. పచ్చ అనడానికి పెదవులు కలపాలి.

"బెరిల్" అంది అత్త.

"ఏందవ్వా?"

"బెరిల్ నాయనా. ఆరు పలకలు చూడు. గాజును గీస్తాది, స్ఫటికాన్ని కూడా గీస్తాది. పచ్చకి తోబుట్టువే గానీ వెలుతురు పోదు. ఆ దీపం ఇట్లా పట్టు, చూపిస్తా."

చూపించింది కూడా. సాక్షులు ఒకరి తరవాత ఒకరు రాయి తీసుకుని దీపం ముందు పట్టుకున్నారు. ఒకాయన తన ఉంగరం రాయిని కూడా తీసి చూడమన్నాడు. గోవిందస్వామి వేళ్ళు ఒక్కొక్కటే నా చేతిలోంచి జారిపోయాయి.

సముద్రం పక్కన నడుస్తూ అన్నాను: "అత్తా, అది నీ కాశీ."

"తెలుసు లేరా." మరి కాస్త దూరం నడిచింది. "అంతమంది ముందర అడిగినాడు. తెలిసిన జవాబు నోట్లో పెట్టుకుని గమ్మున కూర్చోమంటావా?"

ఆ పూట ఆమె ఫలహారం ముట్టలేదు. ఏకాదశి అంది. ఏకాదశి వెళ్ళి అప్పటికి మూడు రోజులు.

మర్నాడు మాస్టారు బడిపిల్లలకు పాఠం చెప్పడానికి కొన్ని రాళ్ళు కావాలన్నాడు. ధర మాట్లాడటానికి ఆయనే మాతో వాకిట్లోకి వచ్చాడు. పది రూపాయలు ఇస్తానన్నాడు. "పిల్లలకు కదా, ఎనిమిది చాలు" అంది అత్త. అమ్మేవాళ్ళ వైపు నుంచి ధర దిగడం నా జన్మలో అదే మొదటిసారి చూడటం.

లెక్క

రాళ్ళ ఖరీదు నూట ఇరవై. ఇద్దరికి రైలు, రానూ పోనూ, పదకొండు. బళ్ళు, కూలీ, ఎండుచేపలు, రెండు. వెంకటాచలం ఇంటికి తీసుకెళ్ళిన కందిపప్పు, బెల్లం మూడు. నిమ్మకాయలు, రొట్టె, మరమరాలు నాలుగణాలు. మొత్తం నూట ముప్పై ఆరు రూపాయల నాలుగణాలు. వచ్చింది ఎనిమిది. నికరం నష్టం నూట ఇరవై ఎనిమిది రూపాయల నాలుగణాలు. మిగిలిన రాళ్ళు మా అంగట్లో కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాం, వాటికి విలువ కట్టలేదు.

పోయిన అయిదు వందలు ఎటు రాయాలో నాలుగు రోజులు ఆలోచించాను. వదులుకున్నది నేను కాదు కాబట్టి నా పేరున పుణ్యం ఖాతాలో రాయడానికి వీల్లేదు. అత్త ఒక్క క్షణం ఆలస్యం చేసి ఉంటే నేను పచ్చ అనేవాణ్ణి. లెక్క నిజాయితీగా రాస్తున్నాను కాబట్టి ఇదీ రాస్తున్నాను.

అత్త డెబ్బై నా నెత్తిన వేసుకున్నాను. నెలకు కొంత చొప్పున మూట కడుతున్నాను. ఈసారి కాశీకి నన్ను కూడా రమ్మంటోంది, దారి పొడుగునా ఏ ఊరి రాయి ఏమిటో గీసి చూడాలట, నేను చాకు, పెంకు పట్టుకోవాలట.

బాకీ: కాశీకి ఇద్దరి ఖర్చు.